ఆన్‌లైన్ ఆటలలో చిరకాలము నిలుచు పాత్ర

ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెము వైపు పోవునపుడు, దెందులూరు దాటిన కొంతసేపటికి పెట్టెలోని విద్యార్థుల చేతులలో సెల్‌ఫోనులు వెలుగుచుండుట చూతుము. ఒక కుర్రవాడు తెరమీద కత్తి దూయుచుండును. ప్రక్కన కూర్చున్న ఉపాధ్యాయుడు కుతూహలముతో అడుగును.

"ఏం చేస్తున్నావురా?"

"ఆట ఆడుకుంటున్నానండీ మాస్టారూ. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఇందులోకి వస్తారండి."

"అలాగా! మరి అందులో నువ్వెవరివి?"

కుర్రవాడు ఒక్క క్షణము ఆలోచించి, "నలభై రెండో లెవెలు యోధుణ్ణండీ" అనును.

ఉపాధ్యాయుడు అడిగినది 'ఎవరివి' అని. వచ్చిన సమాధానము ఒక అంకె. వచ్చే నెలలో ఆ కుర్రవాడు వేరొక ఆటకు పోయినచో ఆ యోధుని ఎవరును తలచుకొనరు. వానిని చేసినవాడు సైతము తలచుకొనడు.

ఈ రైలుదారిలోనే భీమడోలు, దానికి చేరువలో గుండుగొలను ఉన్నవి. హాస్యరచయిత మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1892లో ఆ గుండుగొలనులో జన్మించిరి. వారు 1920 దశకములో సృష్టించిన బారిష్టరు పార్వతీశము మొగల్తూరు కుర్రవాడు. లోకము తెలియకుండనే బారిష్టరు పరీక్షకై సీమకు బయలుదేరి, తెలియక ఆడవారి టోపీ కొని, అడుగడుగున నవ్వులపాలై, అయినను వెనుదిరుగక పోయినవాడు. 1940లో అతడు వెండితెర కెక్కెను. కొన్ని దశాబ్దముల పిమ్మట రచయితయే మరల అతనికడకు వచ్చి కథ పొడిగించెను. నూరేండ్లు నిండుచున్నను తెలుగువారు అతనిని తమ ఊరివానివలె తలచుకొందురు. పార్వతీశముది ఎన్నవ లెవెలు అని ఇంతవరకు ఎవరును అడుగలేదు.

ఒక పాత్ర నూరేండ్లు నిలుచుటకును, వేరొకటి నెలతో మాసిపోవుటకును కారణమేమి? నేడు లక్షలాది యువకులు ఆన్‌లైన్ ఆటలలో స్వయముగా పాత్రలను సృష్టించుకొనుచున్నారు కనుక, ఈ ప్రశ్న సాహిత్యవిద్యార్థులకే గాక అందరికిని చెందినదైనది. ఆ ఆటల నడక, యంత్రము వానిని జ్ఞాపకముంచుకొను తీరు, పాత్రకు ఆయువు పోయు గుణములు ఏవి యనునది ఈ వ్యాసములో విచారింతము.

పగటివేషమునుండి అవతారమువరకు

నాటకములో నటునకు మాటలు ముందుగా వ్రాసి యుండును. పగటివేషమునందు అట్లు కాదు. పట్టపగలు వీధిలో వేషగాడు నిలిచినపుడు, గడపలోని ఇల్లాలు ఏమి అడుగునో, అరుగుమీది పెద్దమనిషి ఏమి ఎత్తిపొడుచునో అతనికి ముందు తెలియదు. ఎవరేమి అన్నను ఆ వేషమునకు తగిన మాటయే నోట రావలెను. కూచిపూడి కళాకారులు ఈ విద్యలో పేరు పొందిరి. చూచువారు కూడ ఆటలో భాగస్వాములగుటయు, పాత్ర అప్పటికప్పుడు పుట్టుచుండుటయు దీనిలోని విశేషములు. ఆన్‌లైన్ పాత్రధారణ ఆటలకు మన దేశములో అతిచేరువగా కనబడు బంధువు ఈ పగటివేషమే.

పాశ్చాత్యదేశములలో ఈ ఆట బల్లచుట్టును మొదలైనది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రకటించిరి. నలుగురైదుగురు కూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. ఒకరు కథ నడిపింతురు. ఫలితము సందేహమైనచోట పాచికలు తీర్పు చెప్పును. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి, అతని తోటి విద్యార్థియైన రిచర్డ్ బార్టిల్ కలిసి కంప్యూటరులో పలువురు ఒకేసారి ప్రవేశించగల లోకమునొకదానిని నిర్మించిరి. దానిపేరు 'మడ్'. దానిలో బొమ్మలు లేవు, అంతయు అక్షరములే. 'ఉత్తరమునకు పొమ్ము' అని టైపు చేసినచో ఉత్తరమునందలి గది వర్ణన తెరమీద కనబడును.

బొమ్మలతో కూడిన లోకములు 1980 దశకములో వచ్చెను. 1986 ప్రాంతమున అమెరికాలో నడిచిన 'హాబిటాట్' అను ఆటలో, ఆటగాని తరపున తెరమీద తిరుగు బొమ్మకు 'అవతార్' అని పేరు పెట్టిరి. అది మన 'అవతారము' అను మాటయే. దిగివచ్చుట అని దాని అర్థము. ఆటగాడు తన లోకమునుండి ఆట లోకములోనికి దిగివచ్చుచున్నాడు కనుక పేరు చక్కగా అమరినది. అటుపిమ్మట 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 1999లో 'ఎవర్‌క్వెస్ట్', 2004లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వచ్చి, వేలాది జనము ఒకే లోకమున తిరుగాడుటను సాధ్యము చేసెను.

అంకెలలో మనిషి

పాత్రను అంకెలతో వర్ణించు పద్ధతి డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుండియే వచ్చినది. బలము, చురుకుదనము, దేహదార్ఢ్యము, బుద్ధి, వివేకము, ఆకర్షణ అని ఆరు గుణములు. మూడు పాచికలు వేసి, పడిన చుక్కలు కూడి ఒక్కొక్క గుణమునకు ఒక అంకె ఇచ్చుట తొలినాటి నియమము. అనగా 3కు తక్కువ గాని, 18కి ఎక్కువ గాని రాదు.

దీనిలో ఒక చక్కని గణితమున్నది. మూడు పాచికలు పడగల విధములు 6×6×6, అనగా 216. మొత్తము 18 రావలెనన్న మూడును ఆరే పడవలెను. దానికి ఒక్కటే విధము. కనుక 216 సార్లకు సగటున ఒక్కసారి మాత్రమే 18 వచ్చును. మొత్తము 10 వచ్చుటకు 27 విధములు, 11 వచ్చుటకు 27 విధములు గలవు. 9కి 25, 12కు 25. ఈ నాలుగును కలిపిన 104; మొత్తములో సగమునకు కొంచెము తక్కువ. లోకములోని మనుష్యులవలెనే ఆటలోని మనుష్యులు కూడ అధికభాగము మధ్యరకము వారే అగునట్లు ఈ నియమము చేయుచున్నది. విద్యార్థులు మూడు పాచికలు తీసికొని నూరుసార్లు వేసి, వచ్చిన మొత్తములను పట్టికగా వ్రాసినచో, నడుమ ఎత్తుగాను ఇరుప్రక్కల పల్లముగాను ఉండు ఆకారము వారి కన్నులయెదుటనే ఏర్పడును.

అంకెలకు ప్రయోజనము ఉన్నది. ఇద్దరు తలపడినపుడు ఎవరు గెలిచిరో తేల్చుటకు అంకెలు కావలెను. కాని బలము 17 అని వ్రాసినంతమాత్రమున, ఆ బలమును అతడు ఎవరికొరకు వాడునో, ఎక్కడ వాడుటకు సిగ్గుపడునో తెలియదు.

యంత్రము జ్ఞాపకముంచుకొను తీరు

ఆటగాడు ఫోను కట్టివేసి నిదురించినను అతని పాత్ర ఎక్కడికి పోవుచున్నది? మరునాడు తెరువగనే నిన్న విడిచిన చోటనే, నిన్నటి సంచితోనే ఎట్లు నిలిచి యున్నది?

రెవెన్యూ లెక్కలను తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. ప్రతి చేనికి ఒక సర్వే నంబరు ఉండును. యజమాని మారవచ్చును, పైరు మారవచ్చును. ఆ నంబరుకు ఎదురుగా నున్న గడులలోని వ్రాత మారును గాని, లెక్క మాత్రము పుస్తకములో నుండును. ఆటను నడుపు సంస్థవద్ద నున్న పెద్ద కంప్యూటరును సర్వర్ అందురు. దానిలో ప్రతి పాత్రకు ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఎదురుగా గడులు ఉండును. పేరు, లెవెలు, నిలిచిన చోటు, సంచిలోని వస్తువులు, చేరిన సంఘము, అన్నియు ఆ గడులలో చేరును. ఇట్టి లెక్కపుస్తకమునకు డేటాబేస్ అని పేరు.

కుర్రవాడు ఫోనుమీద వ్రేలు జరిపినపుడు, అతని ఫోను సర్వర్‌కు ఒక విన్నపము పంపును: 'ఈ సంఖ్యగల పాత్ర రెండడుగులు తూర్పునకు పోదలచినది.' సర్వర్ ఆ విన్నపమును పరిశీలించును. ఎదుట గోడ ఉన్నదా? అతడంత వేగముగా పోగలడా? సరియైనచో క్రొత్త చోటును నమోదుచేసి, సమీపమున నున్న తక్కిన ఆటగాండ్ర ఫోనులకు ఆ వార్త పంపును. ముఖ్యమైన విషయములలో ఆటగాని ఫోనులోని లెక్కను సర్వర్ నమ్మదు. నమ్మినచో ప్రతివాడును తన సంచిలో లక్ష వరహాలు వ్రాసికొనును గదా! విన్నపము పోయి జవాబు వచ్చుటకు పట్టు కాలము ఎక్కువైనచో బొమ్మ కుదుపులతో నడచును. సిగ్నలు చక్కగా అందనిచోట ఆట తడబడుటకు సాధారణముగా ఇదే కారణము.

ఇంత పని జరుగుటకు పాత్ర ఆక్రమించు చోటు ఎంత? కంప్యూటరులో ఎనిమిది బిట్లు కలిసిన ఒక బైటు. ఒక బైటులో 0 మొదలు 255 వరకు ఏదో ఒక అంకెను దాచవచ్చును. లెవెలుకు అది చాలును. తెలుగు లిపిలో ప్రతి గుర్తుకును సాధారణముగా వాడుకలోనున్న పద్ధతిలో మూడు బైట్లు పట్టును. సూరయ్య అను పేరులో స, ఊకారపు గుర్తు, ర, య, పొల్లు, య అని ఆరు గుర్తులు. కనుక 18 బైట్లు. నిలిచిన చోటు చెప్పుటకు పొడవు, వెడల్పు, ఎత్తు అని మూడు కొలతలు, ఒక్కొక్కటికి నాలుగు బైట్ల చొప్పున 12. అన్నియు కలిపి 31 బైట్లు. పేరు, స్థాయి, నిలిచిన చోటు గల మనిషి ఈ పుటలోని ఒక చిన్న వాక్యముకంటె తక్కువ చోటులో ఇమిడిపోయెను. యంత్రము దృష్టిలో పాత్ర యనగా ఇంతే.

లెక్కపుస్తకము మూసిన పిమ్మట

అయితే ఆ లెక్కపుస్తకము శాశ్వతమా? కాదు. ఆటను నడుపుట గిట్టుబాటు కానపుడు సంస్థలు సర్వర్లను ఆపివేయును. 2003లో మొదలైన 'స్టార్ వార్స్ గెలాక్సీస్' 2011 డిసెంబరులో ఆగిపోయెను. 2004లో మొదలైన 'సిటీ ఆఫ్ హీరోస్' 2012 నవంబరు 30న ఆగిపోయెను. ఏండ్లతరబడి పెంచిన పాత్రలు ఒక్కరాత్రిలో లెక్కలోనుండి తొలగిపోయెను. కాని సిటీ ఆఫ్ హీరోస్ ఆటగాండ్రు దానిని మరువలేదు. వారిలో కొందరు తమంతట తాము సర్వర్లు నడుపసాగిరి. తుదకు 2024 జనవరిలో అసలు సంస్థయే అట్టి బృందమునొకదానికి అనుమతి నిచ్చెను. యంత్రము మరచినదానిని మనుష్యులు జ్ఞాపకముంచుకొనిరన్నమాట.

దీనికంటె హృదయమునకు తాకు ఉదాహరణ నార్వే దేశమునుండి వచ్చినది. మాట్స్ స్టీన్ అను యువకునకు పుట్టుకతో డుషేన్ కండరక్షయ వ్యాధి. శరీరములోని కండరములు ఏటికేడు బలహీనపడుచుండును. అతడు చక్రముల కుర్చీకి పరిమితమై, చేతివ్రేళ్ల కొద్దిపాటి కదలికతో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడుచు కాలము గడిపెను. తమ బిడ్డకు స్నేహితులు లేరే అని తలిదండ్రులు లోలోన దుఃఖించిరి. 2014 నవంబరులో, ఇరువది యైదవ ఏట, అతడు మరణించెను. అతని బ్లాగులో తలిదండ్రులు మరణవార్త ప్రకటింపగనే వేర్వేరు దేశములనుండి ఉత్తరములు రాసాగెను. అవన్నియు 'ఇబెలిన్' అను పాత్రను ఎరిగినవారి ఉత్తరములు. మాట్స్ ఆటలో ధరించిన పాత్ర అదియే. ఆటలోని సంఘపు సభ్యులు కొందరు పరదేశములనుండి ప్రయాణముచేసి అంత్యక్రియలకు వచ్చిరి.

ఇబెలిన్ ఏ లెవెలువాడో ఆ ఉత్తరములకు ముఖ్యము కాలేదు. కష్టములో నున్నపుడు తమ మాట వినెననియు, ధైర్యము చెప్పెననియు వారు వ్రాసిరి. గడప దాటని కొడుకుతో మాట కలుపుకొనుటకు ఆటలోనే అతనితో కలిసి తిరుగుమని ఒక తల్లికి సలహా చెప్పెనట. అతడు దేవదూతయు కాడు. తన వ్యాధిని చిరకాలము సంఘమువారికి దాచెను; కొందరితో పోట్లాడెను; వారి మనసు నొప్పించి మరల సమాధానపడెను. ఆటలో జరిగిన సంభాషణలు వేలాది పుటలుగా భద్రపడి యుండుటచేత, వానిని ఆధారముగా చేసికొని 2024లో అతని జీవితముపై ఒక డాక్యుమెంటరీ చిత్రము వెలువడెను.

దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? యంత్రము పాత్రయొక్క అంకెలను దాచును. తోటి ఆటగాడు పాత్రయొక్క నడవడిని దాచుకొనును. మొదటిది సంస్థ ఉన్నంతకాలము నిలుచును. రెండవది మనిషి ఉన్నంతకాలము నిలుచును. కావున నిలుచు పాత్రను చేయదలచినవాడు ఎదుటివాని జ్ఞాపకములో చోటు సంపాదించు గుణములను ముందుగా చూచుకొనవలెను.

నిలుచు పాత్రకు కావలసినవి

ఒక పాత్రను మనమే చేసి చూతము. ఆట పాతకాలపు ఓడరేవు పట్టణములో జరుగుచున్న దనుకొందము. క్రొత్తవారు సాధారణముగా రాజకుమారుని గాని, ఓటమి ఎరుగని వీరుని గాని ఎన్నుకొందురు. మనము కొల్లేటి సీమనుండి ఒక మనిషిని తీసికొందము. పేరు సూరయ్య, తాటిదోనె నడుపువాడు. కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. వానకాలమున నీరు పొంగును, వేసవిలో చాల దూరము వెనుకకు పోవును. అట్టిచోట పెరిగినవానికి నీటి రంగు చూచి లోతు చెప్పుట వచ్చును. గూడకొంగల గుంపు ఎటు వాలినదో చూచి చేపలు ఎటు నున్నవో ఊహించుట వచ్చును.

మొదట అతనికి ఒక కోరిక కావలెను. 'లోకమును రక్షించుట' వంటి పెద్దకోరిక అందరికిని ఉండును గనుక ఎవరికిని గుర్తుండదు. సూరయ్యకు సొంత దోనె కావలెను, ఇప్పుడున్నది అరువుది. ఈ కోరిక చిన్నది, కంటికి కనబడునది, ప్రతిదినము ఆటలో ఏదో ఒక పని చేయించునది. పార్వతీశమునకును కోరిక ఒక్కటే: బారిష్టరు కావలెను. ఆ ఒక్క కోరిక అతనిని మొగల్తూరునుండి సముద్రముల కవతలికి నడిపించినది.

రెండవది ఒక కొరత. అన్నియు తెలిసినవానితో ఎవరికిని పని యుండదు. వానికిని ఎవరితోను పని యుండదు. సూరయ్యకు చదువు రాదనుకొందము. ఉత్తరము వచ్చినపుడెల్ల చదివి పెట్టువారిని వెదకవలెను. ఆ వెదకుటలోనే తోటి ఆటగాడు కథలోనికి వచ్చును. పార్వతీశములో లోకజ్ఞానము లేకపోవుటయే అతని కొరత. అదే మనలను అతనివెంట నడిపించును. కొరతకు ఒక నియమ మున్నది. అది ఆటను నడిపించవలెను గాని నిలిపివేయరాదు. 'నేను ఎవరితోను మాటాడను' అను మౌనవీరునితో కూడ ఆడువారు రెండుదినములలో విసిగిపోదురు.

మూడవది ఒక బాకీ. మనిషిని మనిషికి ముడివేయు త్రాడు ఏదైనను బాకీయే: కృతజ్ఞత, అపరాధము, మాట ఇచ్చుట. గడచిన వరదలో సూరయ్య ప్రాణము కాపాడిన మిత్రుని దోనె మునిగిపోయినది; ఆ ఋణము తీరలేదు. సొంత దోనె కొనగల ధనము చేతికి వచ్చిన దినమున అతడు ఏమి చేయును? తనకు కొనుక్కొనునా, మిత్రునకు ఇచ్చునా? ఇచ్చట కోరికయు బాకీయు ఎదురెదురుగా నిలిచినవి. ఇట్టి చిక్కు ఉన్న పాత్రకు నెలల తరబడి కథ కరువు కాదు.

నాలుగవది ఒక అలవాటు. మాటలో గాని చేతలో గాని పదేపదే కనబడు చిన్న గుర్తు. సూరయ్య ఏ ఇంటిలోనికి పోయినను ముందుగా గడప ఎత్తు చూచును, నీరు వచ్చినచో మునుగునా అని. మరునాడు తోటివారు అతనిని ఆటపట్టించుటకు ఆ అలవాటునే వాడుకొందురు. ఆటపట్టించిన పాత్ర జ్ఞాపకమున్నట్టే గదా.

ఐదవది ఖాళీ. క్రొత్తవారు చేయు పెద్దతప్పు పాత్రకు ఇరువది పుటల పూర్వకథ వ్రాసికొనుట. అంత కథ ముందే ముగిసిన తరువాత ఆటలో జరుగుటకు మిగులునదేమి? తండ్రి ఎవరు, ఊరు ఎందుకు విడిచెను అను ప్రశ్నలలో ఒకటి రెండు విడిచిపెట్టవలెను. వానికి జవాబు ఆటలో, ఇతరుల మాటలచేత, తనకే ఆశ్చర్యము కలుగునట్లు పుట్టవలెను. పగటివేషగాని నేర్పు ఇదియే. వీధి ఇచ్చిన మాటతోనే అతడు తన మాటను అల్లును.

అన్నిటికి మించినది ఓడుటకు సిద్ధపడుట. ప్రతి తగవులో తానే గెలువవలెనను ఆటగాడు ఎదుటివాని ఆటను హరించును. తన పాత్ర పడినపుడు చక్కగా పడనిచ్చినవానితో మరల ఆడవలెనని అందరికిని అనిపించును. ఈ ధర్మము కబడ్డీకి వలెనే దీనికిని వర్తించును.

వేషము, వేషగాడు

వేషము వేషగానిని మార్చునా? 2007లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అను పరిశోధకులు ఒక పరిశోధన ప్రకటించిరి. కొందరికి కంప్యూటరు లోకములో పొడవైన అవతారమును, కొందరికి పొట్టి అవతారమును ఇచ్చి, ధనము పంచుకొనుటలో బేరము ఆడించిరి. పొడవైన అవతారము ధరించినవారు బేరములో ఎక్కువ గట్టిగా నిలిచిరి. అనుకొన్న రూపములు ధరించుచుండెడి ప్రోటియస్ అను గ్రీకు పురాణదేవత పేరుమీద దీనికి 'ప్రోటియస్ ప్రభావము' అని పేరు పెట్టిరి. ధరించిన రూపము కొంతసేపైనను మన నడవడిని తాకునని దీని భావము. కనుక దయగల పాత్రను ఎన్నుకొనుట కేవలము ఆటవిషయము కాకపోవచ్చును.

అయితే వేషము విప్పుట కూడ విద్యలో భాగమే. సాయంత్రమునకు రంగు కడిగికొని ఇంటికి పోనివాడు వేషగాడనిపించుకొనడు. ఆటను అదుపులో నుంచుకొనలేకపోవుట, తక్కిన పనులకంటె ఆటకే ప్రాధాన్యమిచ్చుట, హాని జరుగుచున్నను మానలేకపోవుట, ఇవి సాధారణముగా ఏడాదిపాటు కొనసాగి జీవితమును దెబ్బతీసినచో, దానిని ప్రపంచ ఆరోగ్యసంస్థ తన వ్యాధుల పట్టికలో రుగ్మతగా చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరినుండి అమలులోనికి వచ్చెను. మాట్స్‌కు వెలుపలి దారులన్నియు మూసికొనిపోగా ఆట ఒక్కటే తెరచియున్న వాకిలి. ఆటస్థలము, చెరువుగట్టు, స్నేహితుని ఇల్లు అందుబాటులో నున్న బాలునకు ఆట అనేక వాకిళ్లలో ఒకటిగా నుండుట మేలు.

మరి రెండు జాగ్రత్తలు. పాత్రకు సంబంధించిన సంగతులు ఎన్నియైనను కల్పింపవచ్చును. తన అసలుపేరు, బడి, ఊరు, ఫోను నంబరు, ఛాయాచిత్రము మాత్రము ఎరుగనివారికి చెప్పరాదు. ఎదుటివాడు కూడ వేషములోనే ఉన్నాడని మరువరాదు. పందెపు ఆటలను ఈ పాత్రధారణ ఆటలతో కలిపి చూడరాదు; డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025లో భారత పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేసినది.

తరగతిలో ఒక అభ్యాసము

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు లేకుండనే చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు ఒక చీటీమీద ఐదు వాక్యములు మాత్రమే వ్రాయవలెను: నా పాత్రకు కావలసినది ఏది? దానికి చేతగానిది ఏది? అది ఎవరికి బాకీ? దాని అలవాటు ఏది? దానిని గురించి నాకే తెలియనిది ఏది? పిమ్మట నలుగురు చొప్పున కూర్చుండి, 'ఊరికి వరద వచ్చుచున్నది, ఉన్నది ఒక్కటే దోనె' అను సందర్భమును పావుగంట నడుపవలెను. వారము గడచిన తరువాత, చీటీలు చూడకుండ, ఎవరి పాత్ర ఎవరికి జ్ఞాపకమున్నదో అడుగవలెను. గుర్తున్న పాత్రలు ఏమి చేసెనో పలకమీద వ్రాసినచో, ఈ వ్యాసములో చెప్పినది సరియో కాదో విద్యార్థులే తేల్చుదురు. ప్రయోగముచేసి చూచినది గాని నమ్మకుండుట విజ్ఞానపు మొదటిపాఠము గదా.

అప్పుడు దెందులూరు రైలులో ఆ కుర్రవానిని మాస్టారు మరల "అందులో నువ్వెవరివి?" అని అడుగవచ్చును. "లెవెలు తక్కువేనండీ. దోనె నడుపుతాను. ఒకాయనకి బాకీ ఉన్నానండి" అని అతడనినచో, ప్రక్కనున్న ప్రయాణికుడు కూడ తల ఎత్తి, "ఎవరికి బాబూ? ఎందుకు?" అని అడుగును. ఆ ప్రశ్న పుట్టిన క్షణమున పాత్రకు ప్రాణము వచ్చినదని తెలిసికొనవలెను.